వడదెబ్బ పర్యవేక్షణ

వడదెబ్బ పర్యవేక్షణ అనగా ఎండ తీవ్రత వల్ల అస్వస్థులై ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చే వారి వివరాలను ఏ రోజుకారోజు నమోదు చేసి, లెక్కించి, ఆ లెక్కల ఆధారంగా ప్రజారోగ్య చర్యలు చేపట్టే పద్ధతి. మరణాల సంఖ్య తేలేసరికి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు గడుస్తాయి. అత్యవసర విభాగానికి వచ్చిన రోగి లెక్క మాత్రం ఆ సాయంత్రానికే తెలుస్తుంది. అందువలన ఎండాకాలం ఇంకా ముగియకముందే ఏ ప్రాంతంలో, ఏ పనివారిలో, ఏ వయసు వారిలో ప్రమాదం పెరుగుతున్నదో తెలుసుకొనడానికి ఇది ముఖ్యమైన సాధనంగా పరిగణించబడుతున్నది. ఈ వ్యాసంలో పద్ధతి యొక్క సాధారణ స్వరూపంతో పాటు, కృష్ణా డెల్టా దిగువ భాగమైన మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో దానికి ఎదురయ్యే ప్రత్యేక పరిస్థితులు వివరించబడినవి.

వడదెబ్బ, తత్సంబంధ రుగ్మతలు

మనిషి శరీర అంతర్గత ఉష్ణోగ్రత సాధారణంగా 37° సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. బయటి వేడి పెరిగినపుడు చర్మానికి రక్తప్రసరణ హెచ్చడం, చెమట పట్టి అది ఆవిరి కావడం ద్వారా శరీరం తనను తాను చల్లబరచుకుంటుంది. ఈ ఏర్పాటు చాలనపుడు క్రమంగా చెమటకాయలు, పాదాల వాపు, పిక్కలు పట్టడం, సొమ్మసిల్లడం, తీవ్రమైన నిస్త్రాణ వంటివి కలుగుతాయి. వీటన్నిటిలోకి ప్రాణాంతకమైనది వడదెబ్బ. అంతర్గత ఉష్ణోగ్రత 40° సెల్సియస్‌కు చేరి లేదా దాటి, దానితో పాటు మతి తప్పి మాట్లాడడం, మూర్ఛ, స్పృహ కోల్పోవడం వంటి మెదడు సంబంధమైన లక్షణాలు కనిపిస్తే వైద్యులు దానిని వడదెబ్బగా నిర్ణయిస్తారు.

వాడుక భాషలో మాత్రం ఎండ వల్ల కలిగే బాధలన్నిటికీ "వడదెబ్బ" అనే మాటే ఉన్నది. ఎండలో తిరిగి తలనొప్పితో పడుకున్నవానికీ వడదెబ్బే, స్పృహ లేకుండా ఆసుపత్రికి చేర్చబడినవానికీ వడదెబ్బే. శాస్త్రంలో ఒక అర్థం, వాడుకలో మరొక అర్థం ఉండడం లెక్కలకు పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది.

వడదెబ్బ రెండు విధాలుగా కనిపిస్తుంది. మొదటిది ఎండలో శ్రమించేవారికి, ముఖ్యంగా యువకులకు, మధ్యవయస్కులకు, కొద్ది గంటలలోనే తగులుతుంది. రెండవది వృద్ధులకు, శిశువులకు, గుండెజబ్బు, మధుమేహం ఉన్నవారికి ఇంట్లో ఉండగానే రెండు మూడు రోజుల ఉక్కలో నెమ్మదిగా వస్తుంది. గడప దాటని ముసలివారికి వడదెబ్బ ఎలా తగులుతుందని బంధువులు ఆశ్చర్యపడడం కద్దు. రేకుల కప్పు కింద గాలి ఆడని గదిలో నిరంతరం ఉండడం కూడా ఎండలో ఉండడం వంటిదే.

చికిత్సలో మొదటి పని శరీరాన్ని త్వరగా చల్లబరచడం. చల్లని నీటిలో ఉంచడం, అది వీలుకానిచోట శరీరమంతా తడిపి ఫంకా వేయడం, మెడ, చంకలు, గజ్జలలో మంచుగడ్డలు పెట్టడం వంటివి చేస్తారు. జ్వరపు మాత్రలు ఇందులో పనిచేయవు. జ్వరంలో మెదడే శరీర ఉష్ణోగ్రతను పెంచమని ఆదేశిస్తుంది. వడదెబ్బలో అటువంటి ఆదేశం ఏదీ ఉండదు, శరీరం వేడిని బయటకు పంపలేకపోవడమే కారణం. ఆసుపత్రికి తరలించకముందే చల్లబరచడం మొదలుపెడితే బ్రతికే అవకాశం ఎక్కువ. అయితే దారిలో నీళ్ళు చల్లుతూ తీసుకొచ్చిన రోగి ఆసుపత్రికి చేరేసరికి ఉష్ణోగ్రత 40° కన్నా తక్కువ ఉండవచ్చు. థర్మామీటరు అంకె ఒక్కటే చూస్తే ఆ రోగి వడదెబ్బ లెక్కలోకి రాకుండా పోతాడు. బంధువులు చేసిన మేలు వల్ల రోగం మాసిపోయి కనిపిస్తుందన్నమాట.

దిగువ డెల్టాలో ఎండ స్వభావం

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. ఈ మాట పొడి వేడికి చక్కగా వర్తిస్తుంది కానీ, తీరప్రాంతపు ఎండ స్వభావం వేరు. మచిలీపట్నం, దివిసీమలలో గాలిలో తేమ అధికం. తేమ ఎక్కువైనపుడు చెమట పడుతుందే కానీ ఆవిరి కాదు. అందువలన గుంటూరు, పల్నాడు ప్రాంతాలలో 43° వద్ద కలిగే బాధ ఇక్కడ అంతకన్నా తక్కువ ఉష్ణోగ్రతకే కలుగవచ్చు. రాత్రులు కూడా తగినంత చల్లబడవు.

వేడి, తేమలను కలిపి చూడడానికి తడిబల్బు ఉష్ణోగ్రత అనే కొలమానం ఉన్నది. అది 35° సెల్సియస్‌కు చేరితే ఆరోగ్యవంతుడైనా ఎక్కువసేపు తట్టుకోలేడని 2010లో శాస్త్రజ్ఞులు సిద్ధాంతీకరించారు. 2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో యువకులపై జరిపిన ప్రయోగాలు, తేమతో కూడిన వాతావరణంలో ఈ హద్దు సుమారు 31° వద్దనే ఉన్నదని చూపాయి.

భారత వాతావరణ శాఖ నిర్వచనం ప్రకారం మైదాన ప్రాంతాలలో గరిష్ఠ ఉష్ణోగ్రత 40°, తీరప్రాంతాలలో 37° దాటి, అది సాధారణం కన్నా 4.5° లేదా ఎక్కువగా ఉంటే వడగాడ్పుగా పరిగణిస్తారు. 45° చేరితే సాధారణంతో పోల్చకుండానే వడగాడ్పు అంటారు. ఈ నిర్వచనంలో తేమకు చోటు లేదు. కనుక మచిలీపట్నంలో 38° ఉష్ణోగ్రతతో విపరీతమైన ఉక్కపోత ఉన్న రోజు వడగాడ్పు రోజుగా ప్రకటించబడకపోవచ్చు, అయినా ఆసుపత్రికి రోగులు వస్తారు. ఈ లోపాన్ని పూరించడానికి వాతావరణ శాఖ 2023లో తేమను కలిపిన ఉష్ణ సూచికను ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టింది.

డెల్టా ఎండలను నిర్ణయించేది చాలావరకు సముద్రపు గాలి. సాధారణంగా మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగి తీరం కొంత చల్లబడుతుంది. పడమటి, వాయవ్య దిక్కుల నుండి వేడిగాలులు బలంగా వీచే రోజులలో అది ఆలస్యమవుతుంది, లేదా తీరాన్నే ఆగిపోతుంది. మచిలీపట్నానికి నలభై కిలోమీటర్లలోపే ఉన్న గుడివాడకు ఆ గాలి చేరేసరికి మరింత పొద్దుపోతుంది. రెండు పట్టణాలకూ ఒకే హెచ్చరిక సరిపోదనడానికి ఇదొక కారణం.

జనం చేసే పనులు కూడా గమనింపదగినవి. దాళ్వా వరి కోతలు, నూర్పిళ్ళు, చేపల, రొయ్యల చెరువుల పనులు, ఉపాధి హామీ మట్టిపనులు, 2023లో మొదలైన మచిలీపట్నం నౌకాశ్రయ నిర్మాణం ఎండలో జరిగేవి. మచిలీపట్నం రోల్డుగోల్డు నగల తయారీలో కొలిమి వేడి, పెడన కలంకారీ అద్దకంలో రంగుల కాగుల వేడి ఎండకు తోడవుతాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం ఉన్నందున మత్స్యకారులలో చాలామంది ఆ రోజులలో ఒడ్డుననే వలలు, పడవలు బాగుచేసుకుంటూ ఉంటారు. వేసవిలో ప్రకాశం బ్యారేజి నుండి కాలువలకు నీరు కట్టివేస్తారు. దివిసీమలో భూగర్భజలం చాలాచోట్ల ఉప్పన. ముందుగా నింపుకున్న మంచినీటి చెరువు అడుగంటిన ఊరిలో ఎండదెబ్బ తీవ్రత సహజంగానే ఎక్కువ.

మరణాల లెక్కలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 వేసవిలో వడగాడ్పులకు సుమారు మూడు వేల మంది మరణించినట్లు అధికారిక లెక్కలు తెలుపుతున్నవి. 2015 మే నెలలో మరొక తీవ్రమైన వడగాడ్పు వచ్చింది. ఆ ఏడు ఆంధ్రప్రదేశ్‌లో 1,369 మంది, తెలంగాణలో 541 మంది మరణించారు. తీరజిల్లాలు మిక్కిలిగా దెబ్బతిన్నవి. అప్పుడు మృతుల కుటుంబాలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లక్ష రూపాయల పరిహారం ప్రకటించింది. 2016లో రాష్ట్రం వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళికను చేపట్టింది. రాష్ట్ర ప్రభుత్వ లెక్కలలో మరణాలు 2016లో 723, 2017లో 236, 2018లో 8.

ఈ అంకెలను యథాతథంగా తీసుకొని ప్రణాళిక వల్ల మూడేళ్ళలో సమస్య దాదాపు తీరిపోయిందనుకోవడం తొందరపాటు. హెచ్చరికలు, చలివేంద్రాలు, పనివేళల మార్పు మేలుచేసి ఉండవచ్చు. ఎండల తీవ్రత ఏడాదికొక రీతిగా ఉంటుంది. వీటికి తోడు మరణాన్ని ధ్రువీకరించే విధానం కూడా లెక్కను మార్చగలదు. వడదెబ్బ మరణాన్ని తహసీల్దారు, వైద్యాధికారి, సబ్-ఇన్‌స్పెక్టరులతో కూడిన త్రిసభ్య సంఘం విచారించి నిర్ధారిస్తుంది. పరిహారంతో ముడిపడిన విచారణ కనుక సాక్ష్యం గట్టిగా ఉండాలి. పొలం గట్టున పడిపోయిన కూలీ విషయం తేలిక. మధ్యాహ్నం ఇంట్లో గుండె ఆగి, పొద్దుగూకేలోపు దహనం జరిగిపోయిన వృద్ధురాలి విషయంలో విచారించడానికి ఏమీ మిగలదు.

ఈ కారణంగానే పరిశోధకులు ధ్రువీకరించిన మరణాలకు బదులు, మామూలు రోజులకన్నా అదనంగా జరిగిన మరణాలను లెక్కిస్తారు. 2010 మే నెలలో అహ్మదాబాదులో ఈ విధంగా 1,344 అదనపు మరణాలు తేలినవి. దాని పర్యవసానంగా 2013లో ఆ నగరంలో దక్షిణాసియాలోనే మొదటి వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక అమలులోకి వచ్చింది. అదనపు మరణాల లెక్క నమ్మదగినదే కానీ, అది వేసవి ముగిసిన చాలాకాలానికి వచ్చేది. ఎండ కాస్తున్నపుడే తెలుసుకోవాలంటే ఆసుపత్రి గుమ్మం వద్ద లెక్కించవలసి ఉంటుంది.

అత్యవసర విభాగపు నమోదు

ఈ విధానాన్ని ప్రజారోగ్య శాస్త్రంలో లక్షణ పర్యవేక్షణ అంటారు. పూర్తి రోగనిర్ధారణ కోసం వేచి ఉండక, రోగి చెప్పిన ముఖ్యమైన బాధ, వైద్యుడు వ్రాసిన తొలి అభిప్రాయం ఆధారంగా రోజువారీ సంఖ్యను లెక్కిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ పదవ కూర్పులో వేడి వల్ల కలిగే రుగ్మతలకు టి67 అనే సంకేతం, సహజమైన ఎండవేడికి గురికావడం అనే బాహ్యకారణానికి ఎక్స్30 అనే సంకేతం ఉన్నవి. కంప్యూటరీకరణ జరిగిన ఆసుపత్రులలో ఈ సంకేతాలు, లేదా ఫిర్యాదులోని మాటలు, తమంతట తామే వెతకబడి లెక్కలోకి చేరతాయి.

సంఖ్య ఒక్కటే చూడరాదు. ఒక ఆసుపత్రికి రోజుకు వందమంది అత్యవసర రోగులు వస్తారనుకుందాం. వారిలో ఎండదెబ్బ తగిలినవారు ఇద్దరు ఉండడం మామూలైతే, ఒకనాడు ఆరుగురు రావడం హెచ్చరిక. అయితే తిరునాళ్ళ వల్లనో, మరొక కారణం వల్లనో ఆ రోజు మొత్తం రోగులు మూడు వందలు అయితే ఆ ఆరుగురిలో విశేషమేమీ లేదు. కనుక వెయ్యి లేదా లక్ష సందర్శనలకు ఎందరనే నిష్పత్తిని, గత సంవత్సరాలలోని అదే వారాలతో పోల్చి చూస్తారు. 2020, 2021 సంవత్సరాలలో కరోనా భయంతో, కట్టడితో ఆసుపత్రులకు వచ్చేవారే తగ్గిపోవడం వల్ల ఆ రెండేళ్ళను పోలికకు వాడడం సరికాదు.

భారతదేశంలో సమీకృత వ్యాధి పర్యవేక్షణ కార్యక్రమం 2015 నుండి వడగాడ్పుల పీడిత రాష్ట్రాలలో వేడి రుగ్మతల సమాచారాన్ని సేకరిస్తున్నది. 2019లో ఆరంభమైన వాతావరణ మార్పులు, మానవ ఆరోగ్యంపై జాతీయ కార్యక్రమం ఈ పనికి ప్రత్యేక పత్రాలు రూపొందించింది. 2023 నుండి మార్చి 1 మొదలు జూలై వరకు సమీకృత ఆరోగ్య సమాచార వేదికపై ప్రతిదినం నివేదించే ఏర్పాటు జరిగింది. 2024 వేసవిలో దేశం మొత్తం మీద 40,000కు పైగా అనుమానిత వడదెబ్బ కేసులు నమోదు కాగా, ధ్రువీకరించబడిన మరణాలు వందల సంఖ్యలోనే ఉన్నవి. ఈ రెండు అంకెల మధ్య అంతరం ఆసుపత్రి నమోదులు ఎంత విస్తారమైన సమాచారమో తెలుపుతుంది.

చీటీలో వ్రాసే మాట

నమోదు యొక్క విలువ అంతా రిజిస్టరులో వ్రాసే గుమాస్తా లేదా నర్సు చేతిలో ఉన్నది. రోగి బంధువు "ఎండ తగిలింది" అనవచ్చు, "కళ్ళు తిరిగి పడిపోయాడు" అనవచ్చు, "వాంతులు, విరేచనాలు" అనవచ్చు. మొదటిది వడదెబ్బ గడిలోకి, రెండవది మూర్ఛ గడిలోకి, మూడవది అతిసారం గడిలోకి పోతుంది. ముగ్గురూ ఒకే చేలో ఒకే మధ్యాహ్నం పడిపోయినవారు కావచ్చు. వృద్ధులలో వడదెబ్బ తరచుగా పక్షవాతమనో, గుండెపోటు అనో, "జ్వరం, స్పృహ లేదు" అనో వ్రాయబడుతుంది. ఎండలు ముదిరిన వారంలో మూత్రపిండాల వైఫల్యం, గుండెజబ్బు సందర్శనలు కూడా పెరుగుతాయి కనుక నిపుణులు వీటిని కూడా పక్కన పెట్టుకొని చూస్తారు. జాతీయ పత్రాలలో అత్యవసర విభాగపు మొత్తం హాజరును, గుండెజబ్బు మరణాలను అడగడం అందుకే.

రోగి వృత్తి, పడిపోయిన చోటు, వేళ అనే మూడు వివరాలు వ్రాస్తే చాలా ప్రయోజనం కలుగుతుంది. "కూలి" అని వ్రాసి వదిలేయడం కంటే "రొయ్యల చెరువు పని" అనో "నూర్పిడి" అనో వ్రాస్తే ఎవరి పనివేళలు మార్చాలో తెలుస్తుంది. గడియారపు వేళ వ్రాస్తే, ఉపాధి పనులు ఉదయానికి మార్చినా మధ్యాహ్నపు కేసులు తగ్గాయా లేదా అనేది బయటపడుతుంది. దురదృష్టవశాత్తు రద్దీగా ఉన్న రోజుననే ఈ వివరాలు ఖాళీగా మిగిలిపోతాయి, అవి అవసరమైనదీ ఆ రోజునే.

రోగి ఊరు, ఆసుపత్రి ఊరు

దిగువ డెల్టాలో అత్యవసర రోగులు మచిలీపట్నం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, గుడివాడ, అవనిగడ్డల ప్రభుత్వ ఆసుపత్రులు, మండలాలలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలతో పాటు ప్రైవేటు ఆసుపత్రులకు చేరతారు. 2023లో మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైంది. పరిస్థితి విషమించినవారిలో చాలామందిని విజయవాడకు పంపుతారు. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో విజయవాడ ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వెళ్ళగా, కృష్ణా జిల్లాకు మచిలీపట్నం కేంద్రంగా మిగిలింది. అంటే గుడివాడ చుట్టుపక్కల పడిపోయి విజయవాడలో చేరిన రోగి, ఆసుపత్రిని బట్టి లెక్కిస్తే, పొరుగు జిల్లా కేసు అవుతాడు. దివిసీమ సంగతి మరింత చిక్కు. పులిగడ్డ-పెనుమూడి వారధి వచ్చాక కృష్ణ దాటి రేపల్లె, తెనాలి, గుంటూరులకు వెళ్ళడం సులువైంది. రేపల్లె ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్నది. కేసును ఆసుపత్రి చిరునామాతో కాక రోగి గ్రామంతో నమోదు చేస్తే తప్ప, అత్యంత తీవ్రమైన కేసులే ఆ ప్రాంతపు పట్టికలో కనబడకుండా పోతాయి. ఒక రోగి అవనిగడ్డలో ఒకసారి, మచిలీపట్నంలో ఒకసారి, విజయవాడలో ఒకసారి లెక్కకు ఎక్కడం దీనికి వ్యతిరేకమైన పొరపాటు.

సంఖ్యలు చిన్నవి కావడం మరొక ఇబ్బంది. నాగాయలంక లేదా కోడూరు వంటి ఒక్క మండలంలో రోజుకు ఒకటి రెండు కేసులు హెచ్చుతగ్గులైతే దానిని బట్టి నిర్ణయానికి రాలేము. దివిసీమ మండలాలన్నిటినీ కలిపి చూడడం, మూడు రోజుల సగటు తీసుకొనడం, 108 అంబులెన్సులకు వచ్చిన పిలుపులతో పోల్చడం ఇందుకు మార్గాలు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమై రాష్ట్రమంతటా విస్తరించిన 108 సేవలో పిలుపు వేళ, స్థలం రెండూ నమోదవుతాయి. ఆసుపత్రి చేరకముందే ఎక్కడ పడిపోయారో తెలిపే సమాచారం ఇది.

ఇతర దేశాలలో

2003 ఆగస్టులో ఐరోపాను కుదిపిన వడగాడ్పులో ఫ్రాన్సులో సుమారు 15,000 అదనపు మరణాలు సంభవించాయి. ఆసుపత్రులు నిండిపోతున్న సంగతి ప్రభుత్వానికి సకాలంలో చేరలేదన్న విమర్శ వచ్చింది. మరుసటి ఏడు, 2004లో, అత్యవసర విభాగాల సమాచారాన్ని ప్రతిదినం సేకరించే ఆస్కూర్ అనే వ్యవస్థ అక్కడ నెలకొల్పబడింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2006 జూలై వడగాడ్పు సమయంలో 16,166 అదనపు అత్యవసర సందర్శనలు జరిగినట్లు తరువాతి అధ్యయనంలో తేలింది. అదే కాలంలో అదనంగా ఆసుపత్రిలో చేరినవారు 1,182 మంది మాత్రమే. చేరినవారిని మాత్రమే లెక్కిస్తే బాధితులలో అధికభాగం జారిపోతారని దీనివలన స్పష్టమవుతుంది.

2021 జూన్ చివర అమెరికా వాయవ్య రాష్ట్రాలలో వచ్చిన వడగాడ్పు మరింత ప్రసిద్ధమైన ఉదాహరణ. జూన్ 28న ఆ ప్రాంతంలో వేడి రుగ్మతలతో అత్యవసర విభాగాలకు 1,038 మంది వచ్చారు. 2019లో అదే తేదీన వచ్చినవారు తొమ్మిదిమంది. ఈ లెక్క కొద్ది వారాలలోనే ప్రచురితమైంది.

లెక్కకు అందనివారు

ఎంత చక్కగా నిర్వహించినా అత్యవసర విభాగపు నమోదులో ఆసుపత్రికి వచ్చినవారే ఉంటారు. డెల్టా గ్రామాలలో ఎండదెబ్బ తగిలినవానికి మొదట మజ్జిగ, ఉల్లిపాయ రసం వంటి ఇంటి వైద్యం, తరువాత ఊళ్ళోని ఆర్.ఎం.పి. వైద్యుని వద్ద ఒక సెలైను సీసా సాధారణంగా జరిగేవి. అక్కడ కోలుకున్నవారు ఏ రిజిస్టరులోనూ ఉండరు. ఒక రోజు కూలి పోతుందన్న భయంతో నీడన కాసేపు కూర్చుని తిరిగి పనికి దిగేవారు కూడా అంతే. నాగాయలంక మండలంలో కృష్ణా నది పాయల మధ్య ఉన్న ఎదురుమొండి, ఈలచెట్లదిబ్బ వంటి లంకల నుండి రోగిని పడవపై దాటించి, ఆపై వాహనంలో అవనిగడ్డ చేర్చవలసి ఉంటుంది. తీవ్రమైన వడదెబ్బలో మొదటి అరగంట అత్యంత విలువైనది. ఇటువంటి ఊళ్ళ నుండి అత్యవసర విభాగానికి కేసులు తక్కువగా రావడాన్ని అక్కడ ఎండదెబ్బ తక్కువని అర్థం చేసుకొనరాదు. ఆశా కార్యకర్తలు వేసవి నెలలలో ఇంటింటికీ తిరిగినపుడు సేకరించే సమాచారాన్ని, గ్రామ మరణాల నమోదును ఆసుపత్రి పట్టికతో జతచేసి చూసినపుడు మాత్రమే లంకగ్రామాల స్థితి కొంతవరకు తెలియగలదు.